నడిరాత్రి మెలకువలు: మంచం మీద గడిపే గంటల లెక్క

రాత్రంతా ఒక్కసారి కూడా మెలకువ రాకుండా నిద్రపోయే మనిషి ఉండడు. నిద్ర దాదాపు 90 నిమిషాలకి ఒక చుట్టు చొప్పున రాత్రికి నాలుగు నుంచి ఆరు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టు చివరా పలచబడుతుంది. పక్కకి ఒత్తిగిలుతాం, దుప్పటి లాక్కుంటాం, మళ్ళీ నిద్రలోకి జారుకుంటాం. ఒకటి రెండు నిమిషాల్లో ముగిసిన మెలకువ పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడో వంతులోనే తీరిపోతుంది. కాబట్టి 11 గంటలకి పడుకున్నవాళ్ళకి రెండున్నర, మూడు దాటాక మిగిలేది చాలావరకు తేలిక నిద్ర, కలల నిద్రే. ఒంటిగంటకి లేపలేని చప్పుడు నాలుగింటికి ఇట్టే లేపేస్తుంది. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర వాటా తగ్గి, మెలకువలు పెరుగుతాయి. అరవైలో ఇరవై నాటి నిద్ర కావాలని పంతం పట్టి, ఉన్న నిద్ర కూడా పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

అందుకని ఎన్నిసార్లు లేచామన్న లెక్క పక్కన పెట్టండి. ఆ మెలకువలన్నీ కలిపి ఎంతసేపు, దానివల్ల పగలు పని చెడుతోందా అన్నవే పనికొచ్చే ప్రశ్నలు. రాత్రికి అరగంట మించి మేలుకొని ఉండటం, వారంలో కనీసం 3 రాత్రులు అలా కావడం, 3 నెలలుగా సాగడం, దానికి తోడు పగలు నీరసమో చిరాకో ఏకాగ్రత లేకపోవడమో ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. నాలుగుసార్లు లేచినా ప్రతిసారీ అయిదు నిమిషాల్లో పడుకుని, పొద్దున్నే హుషారుగా తిరిగేవాళ్ళకి చెయ్యాల్సిన చికిత్సేమీ లేదు.

మూడింటికి వచ్చిన మెలకువే ఎందుకంత మొండిగా ఉంటుంది? మనల్ని నిద్రలో ఉంచేవి రెండు. మొదటిది నిద్ర ఆకలి. మేలుకొని ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, నిద్రపోయేకొద్దీ కరిగిపోతుంది. రెండోది ఒంట్లోని గడియారం. ఈ రెండూ కలిసి పనిచేసే తీరుని నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించాడు, ఇవాళ్టికీ చికిత్సంతా ఆ పునాది మీదే నడుస్తోంది. మూడింటికల్లా నిద్ర ఆకలి సగానికి పైగా తీరిపోయి ఉంటుంది. ఇక గడియారం ఒక్కటే మనల్ని పట్టి ఉంచాలి. ఆ సమయంలో ఒక్క చింత బుర్రలోకి వస్తే చాలు, నిద్ర తేలిపోతుంది. పైగా శరీర ఉష్ణోగ్రత అట్టడుగున ఉండే ఆ వేళలో మనసు కూడా దిగాలుగానే ఉంటుంది. అప్పు, ఉద్యోగం, పిల్లల చదువు ఏదైనా ఆ చీకట్లో కొండంత కనిపిస్తుంది. ఆ వేళ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఎవరికీ మెసేజ్ పెట్టకూడదు.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

అలవాట్లు మార్చుకునే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిలో ఏదైనా ఉంటే ఎంత క్రమశిక్షణతో పడుకున్నా మెలకువలు ఆగవు.

మొదటిది గురక, దాని వెనక దాక్కున్న స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే ఒక ఆప్నియా. ఊపిరి ఆగడాలు, బాగా తగ్గిపోవడాలు కలిపి గంటకి 5 నుంచి 15 దాకా అయితే స్వల్పం, 30 దాటితే తీవ్రం. ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేస్తుంది, కానీ మనకి తెలిసేది 'ఊరికే మెలకువ వచ్చింది' అన్నంతే. చాలామంది మూత్రం కోసం లేచామనుకుంటారు. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగేటప్పుడు ఛాతీలో పీడనం తగ్గి గుండె గదులు సాగుతాయి. నీరు ఎక్కువైందని భ్రమపడిన గుండె, మూత్రం పెంచే హార్మోను విడుదల చేస్తుంది. అందుకే ఆప్నియాకి చికిత్స మొదలుపెట్టాక రాత్రి మూడుసార్లు లేచేవాళ్ళు ఒక్కసారికి దిగడం కద్దు. గట్టి గురక, పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, పగలు కూర్చున్నచోటే కునుకు, లొంగని బీపీ, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత: వీటిలో రెండు మూడు కలిస్తే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లోనే పెట్టుకునే పరికరంతో కూడా ఆ పరీక్ష అవుతుంది. ఆడవాళ్ళలో గురక అంతగా బయటపడక, అలసట, నిద్ర చెదరడం మాత్రమే కనిపించి జబ్బు తప్పిపోతుంటుంది. మెనోపాజ్ దాటినవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

మూత్రం గురించి ఇంకో మాట. కొలపాత్ర ఒకటి పెట్టుకుని రెండు రోజులు, 24 గంటల మూత్రమంతా కొలిచి రాయండి. పడుకున్న తర్వాత వచ్చినది, పొద్దున లేవగానే వచ్చేది కలిపి మొత్తంలో మూడో వంతు దాటితే రాత్రిపూట మూత్రం ఎక్కువగా తయారవుతోందని అర్థం. ప్రతిసారీ కొద్ది కొద్దిగానే వస్తుంటే దోషం మూత్రాశయానిదో ప్రోస్టేట్‌దో కావచ్చు. డాక్టర్ దగ్గరికి ఆ కాగితం తీసుకెళితే సగం పని అయిపోయినట్టే. సాయంత్రానికి పాదాలు వాచేవాళ్ళకి, పడుకోగానే కాళ్ళలో నిలిచిన నీరు రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతుంది. పొద్దువాలే వేళ ఓ గంట కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ నీరు నిద్రకి ముందే దిగిపోతుంది. అసలు వాపు ఎందుకొస్తోందో మాత్రం చూపించుకోవాలి. ఒంట్లో నీరు దించే మాత్ర వాడేవాళ్ళు అది ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి మార్చుకోవచ్చు. పడుకునే ముందు రెండు మూడు గంటలు నీళ్ళు తగ్గించడం సరే గాని, రోజంతా దాహంతో ఉండటం మంచిది కాదు. దాహం, మూత్రం రెండూ ఎక్కువైతే షుగర్ పరీక్ష ముందు.

కాళ్ళు మరొకటి. పడుకోగానే పిక్కల్లో లాగినట్టు, పురుగులు పాకినట్టు అనిపించి కదపక తప్పని పరిస్థితి, నడిస్తే ఉపశమనం, సాయంత్రం అయ్యేకొద్దీ ఎక్కువ. ఇది రెస్ట్‌లెస్ లెగ్స్. ఇక్కడ జారిపోయే సంగతి ఒకటుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు తక్కువ ఉండవచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష అడగాలి. ల్యాబ్ కాగితం మీద 30 'నార్మల్' అని వచ్చినా, ఈ జబ్బు ఉన్నవాళ్ళకి 75 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చే ఆలోచన చేస్తారు. సొంతంగా ఐరన్ మింగకూడదు, ఎక్కువైనా చేటే. నిద్ర కోసమని వేసుకునే మత్తునిచ్చే అలర్జీ మాత్రలు ఈ కాళ్ళ బాధని పెంచుతాయి.

గుండెల్లో మంట ఉంటే చివరి భోజనానికి, పడకకి మధ్య మూడు గంటలు ఎడం, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, తలవైపు మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు లేపడం. దిళ్ళ మీద దిళ్ళు వేస్తే నడుము దగ్గర ఒళ్ళు మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, మంట పెరుగుతుంది. స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మాత్రలు, ముక్కుదిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్, బీపీకి, గుండెకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు కూడా నిద్ర చెడగొడతాయి. మానెయ్యకండి, పొద్దుటి పూటకి మార్చవచ్చా అని అడగండి.

మద్యం తాగితే నిద్ర బాగా పడుతుందన్నది సగం నిజం. మొదటి మూడు నాలుగు గంటలు మొద్దునిద్ర పడుతుంది. ఒంట్లోంచి ఆల్కహాల్ దిగిపోయేకొద్దీ నిద్ర ముక్కలవుతుంది, గుండె దడ, చెమట, దాహం, మూత్రం అన్నీ రెండో సగంలో వరస కడతాయి. కెఫీన్ లెక్క ఇంకా తేలిక. పెద్దవాళ్ళలో అది సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తాగిన కప్పులో 100 మిల్లీగ్రాములుంటే రాత్రి తొమ్మిదికి 50, రెండింటికి ఇంకా 25 ఒంట్లో ఉంటుంది. గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా నెమ్మదిగా దిగుతుంది. పొగ తాగేవాళ్ళకి త్వరగా దిగుతుంది, కాబట్టి సిగరెట్ మానేసిన కొత్తలో పాత మోతాదు కాఫీయే ఎక్కువైపోతుంది.

అసలు ముడి ఎక్కడ పడుతుంది

ఇవన్నీ లేవని తేలినా మెలకువలు పోలేదంటే, కారణం చాలాసార్లు మనం చేసుకున్న సర్దుబాట్లే. నిద్రలేమి మొదలవడానికి ఒక కారణం ఉంటుంది: జ్వరం, ప్రసవం, ఉద్యోగం పోవడం. అది నిలబడిపోవడానికి కారణం వేరే. రాత్రి నిద్ర చాల్లేదని తొమ్మిదికే మంచం ఎక్కుతాం, పొద్దున ఎనిమిదిదాకా దొర్లుతాం, మధ్యాహ్నం ఓ గంట పడుకుంటాం. అయిదున్నర గంటల నిద్రని పదకొండు గంటల మంచం మీద పరిస్తే అది పలచబడి చిల్లులు పడక ఏమవుతుంది? ఆ చిల్లులే మెలకువలు. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రచురించిన పద్ధతి దీన్ని తిరగేస్తుంది. మంచం మీద గడిపే సమయాన్ని కోసి నిద్రని చిక్కబరచడం. నిద్రలేమికి మందులకంటే ముందు ఇవ్వాల్సింది ఇలాంటి పద్ధతులతో కూడిన సీబీటీ-ఐ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్సేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. వినడానికి అన్యాయంగా ఉంటుంది, నిద్ర లేనివాణ్ణి ఇంకా తక్కువ పడుకోమనడం. కానీ దీర్ఘకాలం చెదిరిన నిద్రకి దీనంత నికరంగా పనిచేసేది మరొకటి లేదు.

ముందు ఒకటి రెండు వారాలు డైరీ రాయాలి. పొద్దున లేచాక, ఉజ్జాయింపుగా, రెండు నిమిషాల్లో. రాత్రి గడియారం చూసి రాయకూడదు. మంచం ఎక్కిన వేళ, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, మధ్యలో మేలుకొన్న మొత్తం సమయం, ఆఖరి మెలకువ, మంచం దిగిన వేళ, పగటి కునుకు, కాఫీలు, మాత్రలు. ఇంతే.

ఒక ఉదాహరణ లెక్క కడదాం. పదింటికి మంచం ఎక్కి ఆరున్నరకి దిగారు: 510 నిమిషాలు. నిద్ర పట్టడానికి 25, మధ్యలో రెండు మెలకువలకి కలిపి 95, అయిదున్నరకే తెలివొచ్చి ఊరికే పడుకున్నది 60. ఇవన్నీ తీసేస్తే నిద్ర 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. 330ని 510తో భాగిస్తే 65 శాతం. మంచం మీద గడిపిన సమయంలో నిద్ర వాటా అది. 85 దాటాలి.

ఇప్పుడు లేచే వేళ ఒకటి ఖాయం చెయ్యండి, ఆరు గంటలనుకుందాం. సగటు నిద్ర అయిదున్నరకి అరగంట వెసులుబాటు కలిపి ఆరు గంటలు. అంటే పన్నెండింటికి ముందు మంచం ఎక్కకూడదు, ఎలా పడుకున్నా ఆరింటికి దిగాలి, ఆదివారమైనా సరే. డైరీలో నాలుగు గంటలే వచ్చినా అయిదు గంటలకంటే తగ్గించకూడదు. వారం తర్వాత మళ్ళీ లెక్క కట్టండి. 360 నిమిషాల్లో 315 పడుకుంటే 87 శాతం పైనే. అప్పుడు పదిహేను నిమిషాలు ముందుకి జరిపి పావు తక్కువ పన్నెండుకి పడుకోవచ్చు. 80 నుంచి 85 మధ్య ఉంటే కదపకండి. 80కి తక్కువైతే పదిహేను నిమిషాలు కొయ్యండి. పగలు ఇక మగతగా లేదు అనిపించేదాకా వారానికి ఒక్క మార్పు చొప్పున పెంచుతూ పోవడమే. కొందరికి ఆరున్నర దగ్గర ఆగుతుంది, కొందరికి ఏడున్నర దగ్గర. ఎనిమిది గంటలు అందరికీ పుట్టుకతో రాసిపెట్టిన వాటా ఏమీ కాదు.

మొదటి వారం కష్టంగా ఉంటుంది, అది పద్ధతి పనిచేస్తోందన్న గుర్తే. చాలామంది అయిదారు రోజులకే వదిలేస్తారు, సరిగ్గా నిద్ర ఆకలి పేరుకుంటున్నప్పుడు. మార్పు తెలిసేది సాధారణంగా రెండు మూడు వారాల్లో. అసలు చెడేది ఎక్కడంటే, రాత్రి తొమ్మిదిన్నరకి సోఫాలో టీవీ ముందు పట్టే పావుగంట కునుకు దగ్గర. అప్పటిదాకా కూడబెట్టిన నిద్ర ఆకలిలో మంచి భాగాన్ని అది మింగేస్తుంది. పన్నెండింటికి మంచం ఎక్కితే కళ్ళు తెరుచుకుంటాయి. ఆ వేళ నిలబడి చేసే పని ఏదైనా పెట్టుకోవాలి: బట్టలు మడతపెట్టడం, రేపటి సామాను సర్దడం, ఇల్లంతా ఒకసారి తిరగడం. కూర్చుంటే ఓడిపోతారు. ఇంకో తప్పు రోజూ వేళలు మార్చడం. ఒక్క రాత్రి చెడిందని మర్నాడు గంట ముందు పడుకుంటే వారం లెక్కంతా తారుమారు.

బైపోలార్ జబ్బు, మూర్ఛలు, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్ళు, చికిత్స మొదలుకాని ఆప్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, బండి నడపడమో యంత్రం నడపడమో వృత్తి అయినవాళ్ళు ఈ కోత సొంతంగా మొదలుపెట్టకూడదు. మిగతావాళ్ళు కూడా మొదటి రెండు వారాలు దూర ప్రయాణాలు బండి మీద పెట్టుకోవద్దు, కళ్ళు మూతలు పడుతుంటే ఆపి పడుకోవాలి. పగలు కునుకు తియ్యకూడదన్న నియమం అప్పుడు వర్తించదు. చంటిపిల్ల తల్లులకి, రాత్రి షిఫ్టుల వాళ్ళకి ఈ లెక్క పనికిరాదు, వాళ్ళకి దొరికిన నిద్ర దొరికినట్టు పోగేసుకోవడమే దారి.

మెలకువ వచ్చిన ఆ నిమిషంలో

మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పిన సూత్రం ఈ మంచం గంటల కోతకి జోడీ. మంచం అంటే మేలుకొని ఉండే చోటు అని ఒంటికి అలవాటైపోతే, సోఫాలో తూగేవాడికి కూడా మంచం ఎక్కగానే మెలకువ వచ్చేస్తుంది. ఆ ముడి విప్పాలంటే నిద్ర రానప్పుడు మంచం దిగాలి. పావుగంట, ఇరవై నిమిషాలు అంటారు గాని, గడియారం చూసి కాదు. 'ఇక పట్టేలా లేదు' అనిపించి చిరాకు మొదలైతే అదే వేళ. గడియారం ముఖం గోడకి తిప్పెయ్యండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. మూడైంది, ఇంకా మూడు గంటలే ఉంది అని లెక్క మొదలైతే గుండె వేగం పెరిగినట్టే.

ఏర్పాట్లు ముందే చేసుకోవాలి, లేకపోతే చలిలో దుప్పటి వదిలి ఎవరూ లేవరు. మంచానికి దూరంగా ఒక కుర్చీ, దాని మీద ఒక శాలువా, పసుపు కాంతి ఉన్న చిన్న దీపం నేల మట్టానికి, పేజీ మధ్యలో ఆపేసినా బాధపడక్కర్లేని పుస్తకం. లేచి ఆ కుర్చీలో కూర్చోండి. ఫోన్ వద్దు, లెక్కలు వద్దు, ఫ్రిజ్ జోలికి వెళ్ళొద్దు. ఆ వేళకి తినడం అలవాటైతే కడుపే అలారంలా లేపుతుంది. చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నారంటే, తల ముందుకి వాలుతోందంటే, అప్పుడు మంచం దగ్గరికి. ఒట్టి అలసటకి, నిద్రమత్తుకి తేడా అక్కడే తెలుస్తుంది. పడుకున్నా మళ్ళీ తేలిపోతే మళ్ళీ లేవండి. మొదటి రాత్రుల్లో రెండు మూడుసార్లు తప్పదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, పడిపోయే ప్రమాదం ఉన్న పెద్దవాళ్ళు లేచి తిరగక్కర్లేదు, మంచం మీదే దిండుకి ఆనుకుని కూర్చుని చదువుకోవచ్చు.

నిద్రపోవాలని ప్రయత్నించడమే నిద్రకి శత్రువు. కళ్ళు మూసుకుని బలవంతం చేసేకంటే, చీకట్లో కళ్ళు తెరిచి 'ఇంకాసేపు మేలుకొనే ఉంటాను' అనుకుని ఊరుకోవడం కొందరికి బాగా పనిచేస్తుంది. వింతగా ఉన్నా చికిత్సలో ఉన్న పద్ధతే. బుర్రలో చింతలు తిరిగేవాళ్ళు సాయంత్రం ఆరు, ఏడు మధ్య పదిహేను నిమిషాలు కూర్చుని కాగితాన్ని రెండుగా గీసి, ఒకవైపు చింత, ఎదురుగా దానికి రేపు చెయ్యగల తొలి పని రాయాలి. చెయ్యగలిగిందేమీ లేకపోతే 'ఏమీ లేదు' అనే రాయాలి. పడకగదిలో మాత్రం రాయకూడదు.

పగటి సంగతులు రెండే ముఖ్యం. లేచిన గంటలోపు ఆరుబయట అరగంట వెలుతురులో ఉండటం, లేచే వేళ మారకుండా చూడటం. గది చీకటిగా, చల్లగా ఉంటే చాలు. పడుకునే ముందు గంటా గంటన్నర ఎడంతో గోరువెచ్చని స్నానం చేస్తే చర్మంలోకి రక్తం వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది. పడుకునే ముందు క్షణంలో చేస్తే ఆ లాభం అంతగా ఉండదు. నిద్ర కొలిచే చేతి గడియారాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కదలకుండా మేలుకొని పడుకుంటే అవి చాలాసార్లు నిద్రగానే రాసుకుంటాయి, పైగా పొద్దున్నే ఆ అంకె చూసి దిగులుపడేవాళ్ళు ఎక్కువయ్యారు.

మాత్రల గురించి క్లుప్తంగా. మెలటోనిన్ అనే నిద్ర హార్మోను మాత్ర ఒంటి గడియారాన్ని జరపడానికి పనికొస్తుంది, మధ్యరాత్రి మెలకువలకి దానివల్ల ఒరిగేది తక్కువ. జోల్పిడెమ్, డయజెపామ్ లాంటి నిద్ర పట్టించే మాత్రలు కొద్ది వారాల అవసరానికే. అలవాటైతే మోతాదు చాలదు, పెద్దవాళ్ళలో తూలిపడి ఎముకలు విరగడం ఉంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, నిద్ర ఇంకా చెడుతుంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ సాయంతో వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

బాగుపడ్డాక కూడా జ్వరానికో ప్రయాణానికో నిద్ర మళ్ళీ చెదురుతుంది. మూడు నాలుగు రాత్రులు ఏమీ చెయ్యకండి, లేచే వేళ మాత్రం జరపకండి. వారం దాటినా కుదుటపడకపోతే పాత డైరీ తీసి, ఆఖరిసారి 85 శాతం దాటినప్పుడు మంచం మీద ఎన్ని గంటలున్నారో చూసి, అందులో అరగంట కోసి, అక్కణ్ణుంచి మళ్ళీ పదిహేను నిమిషాల చొప్పున పెంచుకుంటూ రండి.